తలుపు బయటి ఆమేన్

రేపల్లె మిషన్ ఆసుపత్రిలో ప్రార్థన అయ్యేదాకా ఆపరేషన్ గది తలుపు మూయకూడదు. అది డాక్టర్ జార్జి గారు పెట్టిన ఆచారం. లోపల డాక్టరు రోగిని పేరు పెట్టి గట్టిగా ప్రార్థన చెయ్యాలి. బయట బెంచీ మీద కూర్చున్న అయినవాళ్ళు ఆమేన్ అనాలి. ఆ తరవాతే తలుపు మూసి కత్తి పెట్టాలి. సాయిబుల ఇళ్ళవాళ్ళు ఆమీన్ అంటారు, హిందువుల్లో కొందరు నారాయణా అంటారు, ఇంకొందరు మొహమాటానికి దణ్ణం పెట్టి ఊరుకుంటారు. ఏదైనా ఆయనకి అభ్యంతరం లేదు. బయటినుంచి ఒప్పుదల రావాలి, అంతే.

దీనికో కథ ఉంది. ఆయన కాంగోలో పనిచేసే రోజుల్లో ఒక బాలింత బల్ల మీదే పోయింది. బయటున్న అన్నదమ్ములు తలుపు బద్దలుకొట్టి లోపలికొచ్చి నర్సు తల పగలగొట్టారు. "లోపల ఏం జరుగుతోందో వాళ్ళకి తెలియదు. తెలియని వాళ్ళకి కోపం రాదా మరి? అప్పట్నించి వాళ్ళ మనిషి పేరు వాళ్ళ చెవిన వేసి, వాళ్ళ నోటి మాట తీసుకున్నాకే కోస్తున్నా" అంటారు. ఆ తలుపుకి లోపలి గడియ కూడా ఆయనే ఊడపీకించారు. మంచి ఉద్దేశంతో చేసిన పనులు మనిషి ప్రాణం మీదికి ఎలా తెస్తాయో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆయన దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళంతా క్రైస్తవ సర్జన్లు. ఆఫ్రికా పల్లెల్లోని మిషన్ ఆసుపత్రులకి పోతామని మాటిచ్చి వచ్చినవాళ్ళు. ఎంత పెద్ద కాలేజీలో చదివొచ్చినా ఇక్కడ మళ్ళీ అఆలు దిద్దాల్సిందే. కరెంటు ఉన్నా ఆపేయించి టార్చిలైటు వెలుగులో కోయిస్తారు. రక్తం లాగే మిషను పక్కనే ఉన్నా ముట్టుకోనివ్వరు, గుడ్డలతో అద్దుకోమంటారు. ముడి వదులుగా వేస్తే చేతిలో ఉన్న ఇనప పట్టకారుతో వేలి కణుపు మీద ఒక్కటి పడుతుంది. "నీ వేలే నీ క్లిప్పు. రక్తం కారే చోట పెట్టాక, కట్టేదాకా తియ్యకు. తియ్యడం తేలికే. మళ్ళీ పెడదామంటే మనిషి ఉండడు" అని రోజూ తిట్టేవారు. ఆయన తిట్టని రోజు ఆయనకి ఒంట్లో బాగాలేదని అర్థం.

దీవెన మూడేళ్ళుగా ఆ దెబ్బలు తింటోంది. తెనాలి పక్కన అంగలకుదురు వాళ్ళది, తండ్రికి తెనాలిలో టైలరింగ్ షాపు. జూన్‌లో మలావీ వెళ్ళాలి. అక్కడి ఆసుపత్రిలో పాత సర్జన్ జబ్బుచేసి పోయాక ఆపరేషన్ గదికి తాళం వేసేశారట. కాన్పు అడ్డం తిరిగిన ఆడవాళ్ళు ఆ తాళం కేసి చూస్తూ వరండాలో చచ్చిపోతున్నారని విన్న రోజున ఆమె అన్నం తినలేదు. ఆ తాళం నేనే తీస్తాను అనుకుంది. పెళ్ళి సంబంధాలు వద్దంది, గుంటూరులో మంచి జీతమిస్తామన్న ఆసుపత్రిని వద్దంది. తండ్రి కూతురి కోసం ఆపరేషన్ గౌన్లు తనే కుట్టి, ఇస్త్రీ చేసి, పెట్టెలో సర్దేశాడు కూడా.

ఆ శుక్రవారం మిట్టమధ్యాహ్నం ఒక ట్రాలీ ఆటో ఆసుపత్రి గేటులోకి దూసుకొచ్చింది. రొయ్యల మేత సంచుల మీద ఒక కుర్రాడు వెల్లకిలా పడున్నాడు. వాడి పొట్టలో తల్లి తన చీరకొంగు కుక్కి రెండు చేతులా అదిమిపట్టుకుంది. ఆ చీరది ఏ రంగో ఇక చెప్పడానికి లేదు.

"బస్టాండులో అందరూ చూస్తుండగా పొడిచారమ్మా" అంది ఆమె. ఏడవడం లేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"పేరేంటమ్మా?" అంది ఎదురొచ్చిన దీవెన.

ఆమె చుట్టూ చూసి దీవెన చెవి దగ్గరికి వంగింది. "సుధీర్. నేను కుసుమకుమారిని, వాడి తల్లిని. బయట చెప్పమాకమ్మా. బసవేశ్వరరావు మనుషులు పొడిచారు. చచ్చాడనుకుని వదిలేసి పోయారు. బతికున్నాడని తెలిస్తే ఆసుపత్రిలోకొచ్చి నరుకుతారు. మావాడి పేరు నీ నోట్లోంచి రానీమాక. నీ కాళ్ళు పట్టుకుంటా."

"రాదమ్మా. మాటిస్తున్నా" అంది దీవెన.

స్ట్రెచర్ వెంట పరిగెడుతూ కుసుమకుమారి మిగతాది చెప్పింది. బసవేశ్వరరావుది బాపట్ల వైపు కర్లపాలెం. ఇక్కడ సుధీర్ వాళ్ళ రొయ్యల చెరువుల పక్కనే చెరువులు లీజుకి తీసుకున్నాడు. సుధీర్ చెరువుకి తెగులొస్తే, ఆ నీళ్ళని కాలవలోకి వదిలేశాడు. తెల్లారేసరికి అవతలి చెరువులో రొయ్యలన్నీ తేలిపోయాయి. ఇదేం పని అని అడగడానికొచ్చిన బసవేశ్వరరావు పెద్దకొడుకు ప్రణీత్‌ని సుధీర్ గడ్డపారతో తల మీద కొట్టాడు. ప్రణీత్ అక్కడికక్కడే పోయాడు. పోలీసులకి దొరక్కుండా దాక్కున్న సుధీర్ ఇవాళ బస్సెక్కబోతూ వీళ్ళకి దొరికాడు.

"మావాడు తప్పు చేశాడమ్మా. కాదన్ను. అయినా కన్నాను గదా" అంది కుసుమకుమారి.

దీవెన సుధీర్ మొహం మీద గుడ్డ కప్పించి, ఆమెని ఎవరి కంటా పడకుండా వెనక కాన్పుల వార్డు వరండాలో కూర్చోమంది. పోలీసులకి ఫోన్ చేయించింది. వస్తున్నామన్నారు. ఆ తరవాత పక్కనే ఉన్న డ్రెస్సింగ్ గదిలోకి తొంగిచూసింది. జార్జి గారు అనుదీప్ అనే కుర్రాడి అరచేతికి కుట్లు వేస్తున్నారు. రేకు కోసుకుందట.

"సార్, కత్తిపోటు. పొట్టనిండా రక్తం."

ఆయన తల ఎత్తలేదు. "నీదే. మొదలుపెట్టు. మలావీలో పక్కగదిలో నేనుండను."

లోపల నర్సు సారా అంతా సిద్ధం చేసింది. మత్తు డాక్టరు గారు సుధీర్‌ని నిద్రపుచ్చారు. దీవెన గ్లవ్స్ వేసుకుని కళ్ళు మూసుకోబోతూ ఓరగా ఉన్న తలుపు సందులోంచి బయటికి చూసింది. బెంచీ మీద తెల్లపంచె కట్టుకున్న ఒక పెద్దాయన ఒక్కడే ఉన్నాడు, డ్రెస్సింగ్ గదిలో ఉన్న కుర్రాడి తాలూకు కాబోలు. ప్రార్థన మొదలవుతోందని గ్రహించి ఆయన లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని రోగి కోసం లేచి నిలబడ్డాడు చూడు, ఎంత మంచి మనిషి అనుకుంది దీవెన. ఆమెకి నిజంగానే గుండె నిండింది.

"ప్రభువా, నీ బిడ్డ సుధీర్‌ని నీ చేతుల్లో పెడుతున్నాం. సుధీర్ రక్తాన్ని నువ్వే ఆపు. సుధీర్‌ని కన్నతల్లికి సుధీర్‌ని తిరిగి ఇయ్యి."

ఆమేన్ రాలేదు. దీవెన కళ్ళు తెరిచింది. పెద్దాయన జోడించిన చేతులు మెల్లిగా విడిపోయాయి. ఆయన కాసేపు తలుపు వంక చూశాడు. చంకలోని తువ్వాలు తీసి తలకి చుట్టుకుని వరండాలోకి నడిచి వెళ్ళిపోయాడు.

ఇక్కడ రక్తం పోతోంది. "సారా, నువ్వే అనెయ్యి" అంది దీవెన. సారా ఒక కాలు గడప అవతల పెట్టి ఆమేన్ అని, కాలు లోపలికి తీసుకుని తలుపు వేసింది.

దీవెన ఒక్క కోతలో పొట్ట తెరిచింది. రక్తం గట్టు తెగిన కాలవలాగా పొంగి ఆమె గౌను మీద పడింది. గుడ్డల మీద గుడ్డలు కుక్కుతూ ఎడమచెయ్యి మణికట్టు దాకా లోపలికి పోనిచ్చి, వెన్నెముక మీద కొట్టుకుంటున్న పెద్ద రక్తనాళాన్ని వెతికి పట్టుకుని ఎముకకేసి అదిమింది. పొంగడం ఆగింది. కత్తి ఎక్కడ తెగ్గోసిందో ఇక నిదానంగా చూసుకోవచ్చు. ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరితోపాటే, తను కుసుమకుమారికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది.

"సారా" అంది. "నేను పేరు చెప్పాను."

"ఎప్పుడూ చెప్తారు గదా మేడమ్."

అవును. ఎప్పుడూ చెప్తుంది. మూడేళ్ళుగా బల్ల ముందు నిలబడితే చాలు, నోరు దానంతటదే రోగి పేరు పలుకుతుంది. కడుపులో ఉన్న ఆ ఒక్క మాటా బయటపెట్టకుండా ఉండడానికి ఆమెకి బుద్ధి ఉంది గానీ, ఆ నోటికి అలవాటే తప్ప బుద్ధి లేదు. తన నోటిని తనే చీల్చుకోవాలన్నంత అసహ్యం వేసింది.

"తలుపు గడియ పెట్టు. తొందరగా."

"గడియ లేదు గదా!"

సారా ఆక్సిజన్ సిలిండరుని దొర్లించి తలుపుకి అడ్డం పెట్టింది. అది ఎంతోసేపు ఆగలేదు. బయటినుంచి ఒక్క తోపుకి సిలిండరు దభేలున పడి దొర్లింది. పెద్దాయన లోపలికొచ్చాడు. చేతిలో కొబ్బరిబొండాల కత్తి, గేటు దగ్గర ముజీబ్ బండి మీద ఉండేది. పీచు ఇంకా అంటుకునే ఉంది. మత్తు డాక్టరు గారు మిషను వెనక్కి వెళ్ళి నేల మీద కూర్చున్నారు. ఆయన్ని ఏమనడానికీ లేదు, ఆయనకీ పిల్లలున్నారు.

"వాడేనా?" అన్నాడు పెద్దాయన.

"బాబాయ్ గారూ, బయటికి వెళ్ళండి. ఇది ఆపరేషన్."

"తప్పుకోమ్మా. నీతో నాకేం పని లేదు. నేను ప్రణీత్ తండ్రిని. బసవేశ్వరరావంటారు. నా కొడుకు తల ముక్కలు ఏరి తువ్వాల్లో కట్టిచ్చారు నాకు. తప్పుకో."

"నేను కదల్లేను. నా చెయ్యి రక్తనాళం మీదుంది. తీస్తే చచ్చిపోతాడు."

అనేశాక తెలిసింది, అనకూడని మాట ఇంకోటి అన్నానని. బసవేశ్వరరావు కత్తి దించాడు. ఆయన మొహంలోకి ఒక నెమ్మది వచ్చింది.

"అయితే తియ్యమ్మా" అన్నాడు. "నేను కత్తి ఎత్తను. నీ మీద ఈగ వాలనియ్యను. నువ్వు చెయ్యి తియ్యి చాలు. నా బిడ్డ లాంటిదానివి. తియ్యి."

దీవెన ఎడమచేతి కింద నాళం కొట్టుకుంటోంది. ఎవరి గుండె అది? గడ్డపార ఎత్తి ఒకడి తల పగలగొట్టిన వాడి గుండె. వీడి కోసమా? మలావీలో ఒక గది తాళం వేసి ఉంది. తండ్రి కుట్టిన గౌన్లు పెట్టెలో ఉన్నాయి. చెయ్యి తీస్తే అవన్నీ ఉంటాయి. కానీ వీడి పేరు తలుపు అవతలికి మోసుకెళ్ళింది తన నోరే.

"తియ్యను" అంది.

"తియ్యవా?"

"తియ్యను బాబాయ్ గారూ."

బసవేశ్వరరావు కత్తి ఎత్తి సుధీర్ మెడ మీదికి వేశాడు. దీవెన కుడిచెయ్యి అడ్డం పెట్టింది. కత్తి చేతిని బల్ల అంచుకేసి కొట్టింది. టప్పుమని చప్పుడైంది, నొప్పి తరవాత వచ్చింది. చూపుడువేలూ దాని పక్కవేలూ పచ్చగుడ్డ మీద పడి ఉన్నాయి, గ్లవ్‌తో సహా. ఆమె నోరు తెరిచి అరిచింది. ఆ అరుపులోనూ ఎడమచెయ్యి మాత్రం వెంట్రుకవాసి కదలలేదు.

ఆయన మళ్ళీ ఎత్తాడు. సారా స్టీలు ట్రేతో ఆయన మొహం మీద కొట్టింది. కత్తి వెళ్ళి పైనున్న లైటుకి తగిలి గాజు ముక్కలన్నీ రాలాయి. "చంపుతానే, నిన్నూ చంపుతా" అంటూ ఆయన సారాని జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. అప్పుడొచ్చారు జార్జి గారు. అరవై దాటిన మనిషి, ఎద్దులా మీదపడి వెనకనుంచి ఆయన్ని వాటేసుకున్నారు. ఇద్దరూ రక్తంలో జారి కిందపడ్డారు. జార్జి గారు పళ్ళతో ఆయన మణికట్టు కొరికి కత్తి విడిపించారు. మూడేళ్ళు ప్రేమ గురించి బోధించిన నోరే అది.

ఇంతలో బస్టాండు కబురు విని సుధీర్ బంధువులు మోటారు సైకిళ్ళ మీద వచ్చిపడ్డారు. చప్పుడుకి పరిగెత్తుకొచ్చిన కుసుమకుమారి కేకలు విని లోపలికి ఉరికి, బసవేశ్వరరావుని కాళ్ళు పట్టుకుని వరండాలోకి ఈడ్చుకుపోయారు. సెలైన్ స్టాండుతో కొట్టారు. బెంచీ ఎత్తి కడుపు మీద వేశారు. చెప్పుకాళ్ళతో తొక్కారు. అనుదీప్ అరచేతిలో సూదీ దారం వేలాడుతుండగానే కిటికీలోంచి దూకి పారిపోయాడు. వాడిది రేకు కోసిన గాయం కాదు. సుధీర్‌ని పొడిచింది వాడే, కత్తి రక్తానికి జారి వాడి చేతినే కోసింది. వాడు బసవేశ్వరరావు మేనల్లుడు.

లోపల జార్జి గారు చేతులు కడుక్కోకుండానే గ్లవ్స్ తొడుక్కుని బల్ల దగ్గరికొచ్చారు. దీవెన చెయ్యి కిందుగా తన వేళ్ళు పోనిచ్చారు.

"తియ్యి."

"తీస్తే..."

"నా వేలు పెట్టాను. ఇప్పుడు తియ్యమ్మా."

ఆయన ఆమెని అమ్మా అనడం అదే మొదటిసారి. దీవెన చెయ్యి తీసి, అక్కడే కూలబడిపోయింది.

సుధీర్ బతికాడు. జార్జి గారు తెగిన నాళాన్ని కట్టి, పైపైన కుట్లువేసి వాణ్ణి వార్డులోకి తోయించారు. సారా నుదుటి రక్తం తుడుచుకుంటూ దీవెన చేతికి కట్టు కట్టింది, రెండు వేళ్ళనీ కవర్లో పెట్టి ముజీబ్ తెచ్చిన ఐసులో ఉంచింది. తెనాలి నుంచి అంబులెన్సు బయల్దేరింది, గుంటూరు తీసుకెళ్ళాలి. జార్జి గారు ఆ కవరు ఎత్తి చూసి మళ్ళీ ఐసులో పెట్టేశారు. దీవెనకి అది చాలు. అతికితే అతుకుతాయేమో. ముడి వెయ్యడానికి మాత్రం ఆ వేళ్ళు ఇక రావు. ఆ తాళం తను తియ్యదు.

ఆమె వరండాలో బెంచీ మీద కూర్చుంది. అదే బెంచీ, ఒక కాలు విరిగింది. ఎదురుగా సుధీర్ బంధువులంతా గోడకి వరసగా నిలబడున్నారు, కానిస్టేబులు ఒకడు లాఠీ పట్టుకుని కాపలా. నేల మీద బసవేశ్వరరావు. జార్జి గారు వంగి ఆయన పొట్ట మీద చెయ్యి వేసి నొక్కారు. పొట్ట బిగుసుకుపోయి ఉంది, పెదాలు తెల్లబడ్డాయి.

"ప్లీహం పగిలింది. బల్ల ఎక్కించండి" అన్నారు.

ఎవరూ కదల్లేదు. జార్జి గారూ సారా కలిసి ఆయన్ని మోసుకెళ్ళారు. తలుపు ఓరగా ఉండిపోయింది.

కుసుమకుమారి వచ్చి దీవెన పక్కన కూర్చుంది. కట్టు కట్టిన చెయ్యిని ఒళ్ళోకి తీసుకుని, ముద్దుపెట్టుకుని ఏడిచింది. పేరు బయటపెట్టావేంటని ఒక్కమాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

లోపలినుంచి జార్జి గారి గొంతు వినపడింది. "ప్రభువా, నీ బిడ్డ బసవేశ్వరరావుని నీ చేతుల్లో పెడుతున్నాం. కొడుకుని పోగొట్టుకున్న బసవేశ్వరరావుని కరుణించు."

అక్కడితో ఆగారు. ఆయన ఆగుతారని దీవెనకి తెలుసు. మొండి మనిషి. బయటినుంచి మాట వస్తేగానీ కత్తి పెట్టడు.

బెంచీ మీద బసవేశ్వరరావు తాలూకు ఎవరూ లేరు. పెద్దకొడుకు చచ్చాడు, మేనల్లుడు కిటికీలోంచి పారిపోయాడు. గోడకి నిలబడ్డ వాళ్ళల్లో ఒకడు నేల మీద ఉమ్మాడు. దీవెన వేళ్ళు, లేని ఆ రెండు వేళ్ళే, భగ్గుమని మండాయి. వాడు చావనీ అనుకుంది. చావాలి. నా చెయ్యి నరికినవాడు, నా మలావీ నరికినవాడు చావాలి. తను ఇంత ద్వేషించగలదని ఆమెకి ఇప్పటిదాకా తెలియదు. ద్వేషం వేడిగా, హాయిగా ఉంది.

"అనమాకమ్మా" అంది కుసుమకుమారి, ఆమె మనసు చదివినట్టు. "వాడు బతికితే మావాడు చస్తాడు. లేచొచ్చి చంపుతాడు. నీ చెయ్యి చూసుకో. అనమాక."

అది నిజమే. కానీ కళ్ళు మూసినా తెరిచినా దీవెనకి ఒక్కటే కనపడుతోంది. తలుపు సందులో తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, ఎవరో తెలియని రోగి కోసం చేతులు జోడించి నిలబడ్డ మనిషి. ఆ చేతుల్ని విడదీసింది తన నోరే.

"ఆమేన్" అంది దీవెన. గుసగుసలాగే వచ్చింది.

కుసుమకుమారి ఒళ్ళోని చెయ్యి వదిలేసి, లేచి, ఆమె చెంప మీద చాచి కొట్టింది. "నీ చెయ్యి నరికాడే! నీకు సిగ్గులేదా! నా కొడుకుని చంపించడానికేనా బతికించావు?" మళ్ళీ కొట్టింది. పెదవి చిట్లింది. కానిస్టేబులు పరిగెత్తుకొచ్చి కుసుమకుమారిని పట్టుకున్నాడు.

లోపల ఇంకా చప్పుడు లేదు. ఆయనకి వినపడలేదు.

దీవెన ఎడమచేత్తో గోడ పట్టుకుని లేచింది. నోట్లో రక్తం ఉమ్మేసింది. ఓరగా ఉన్న తలుపుకి మొహం ఆనించి, ఏడుస్తూ, కోపంతో, ఊరంతా వినపడేలా అరిచింది.

"ఆమేన్!"

తలుపు మూసుకుంది. లోపల జార్జి గారు కత్తి అడిగారు.